పరిశోధక విద్యార్థులకు ఆకరశిక్షణ

యు.జి.సి. వారు 2019 డిసెంబరులో పిహెచ్.డి. విద్యార్థులందఱకును ‘పరిశోధన-ప్రచురణ నీతి’ యను పేర రెండు క్రెడిట్ల పాఠ్యాంశమును నిర్దేశించిరి. 30 గంటల బోధన, ఆఱు విభాగములు; అందు మొదటి మూడును సిద్ధాంతభాగములు, తక్కిన మూడును అభ్యాసభాగములు. తుది విభాగము సమాచారనిధులను గూర్చినది. అందు పేర్కొనబడినవి వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్ మొదలగునవి. ఉద్దేశము మంచిదే, గ్రంథచౌర్యమును నివారింపవలె ననుటలో మాకు భేదాభిప్రాయము లేదు. అయినను ఈ ప్రణాళికను తెలుగు శాఖలో బోధింపబూనినప్పుడు ఇది యెవరిని తలచి రచింపబడినదో యను సందేహము కలుగకపోదు. స్కోపస్‌ను ఎంత వెదకినను భారతి పాతసంచికలోని వ్యాసము దొరకదు, ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారములోని తాళపత్రప్రతి జాడ తెలియదు, శాసనపాఠము కానరాదు. మన యాకరములలో అధికభాగము ఆ వలకు వెలుపలనే యున్నది.

ఆకరపరిజ్ఞాన మనగా నేమో ఒక యుదాహరణముతో చెప్పుదుము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో తొలిసారి ప్రదర్శింపబడినది, 1897లో అచ్చుపడినది, 1909లో రెండవ కూర్పు వెలువడినది. మొదటిది అయిదంకముల నాటకము, రెండవది ఏడంకములది. పరిమాణమే కాదు, పాత్రల స్వరూపమును మాఱినది. మధురవాణి ప్రాధాన్యము రెండవ కూర్పుననే విస్తరించినది. అంగళ్లలో దొరకు ప్రతులు సాధారణముగా ఈ రెండవ కూర్పు ననుసరించినవి. విద్యార్థి యేమి చేయుచున్నాడు? చేతనున్న ప్రతినుండి మధురవాణి సంభాషణము నుదాహరించి, 1897 నాటికే అప్పారావుగారు ఇట్లు భావించిరని వ్రాయుచున్నాడు. ఉదాహరణము సరియే, పుటసంఖ్యయు సరియే, సంవత్సరము తప్పు. పండ్రెండేండ్ల యంతరమున రచయిత దృష్టిలో వచ్చిన పరిణామము, అనగా ఆ సిద్ధాంతవ్యాసము నిజముగా పరిశీలింపవలసిన విషయము, ఒక్క యంకె పొరపాటున మఱుగైపోయినది. బంగోరె 1969లో మొదటి కూర్పును తిరిగి అచ్చువేసి యందించిన పిమ్మటగూడ ఈ దోషము నిలిచియుండుట విచారకరము.

పరుల ననుట యెందుకు? మేమును విద్యార్థిదశలో ఈ తప్పే చేసితిమి. మౌఖికపరీక్షలో పరీక్షకులొకరు ‘మీరు చూచినది ఏ కూర్పు?’ అని యడిగినప్పుడు మాకు ప్రశ్నయే అర్థము కాలేదు. అట్టి ప్రశ్న యొకటి కలదని అంతవఱకు మాకెవ్వరును చెప్పియుండలేదు.

నన్నెచోడుని కాలము విషయమును ఇట్టిదే. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో కుమారసంభవమును ప్రకటించి, ఆ కవి నన్నయకు పూర్వుడని వాదించిరి. తరువాతి పండితులు పలువురు దాని నంగీకరింపలేదు. విద్యార్థి ఈ రెండు వాక్యములను ఏదో సాహిత్యచరిత్రనుండి గ్రహించి, ‘పండితుల యభిప్రాయము’ అని వ్రాసి ముగించును. రామకృష్ణకవిగారు చూపిన యాధారము లేవి, ప్రతివాదులు వానిలో దేనిని ఖండించిరి, దేనిని పలుకక విడిచిరి? వాదప్రతివాదములను మూలములలో చదివినగాని ఇది తేలదు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకమున స్కాను చేయబడిన తెలుగు గ్రంథములు నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో పెక్కు లభించుచున్నవి. కాని వాని పేర్లు రోమను లిపిలో ఒక్కొక్కచో ఒక్కొక్క తీరున నమోదైనవి. శకారమునకు ఒకచో ఎస్ ఒక్కటియే, వేఱొకచో ఎస్ హెచ్ రెండును. దీర్ఘమునకు ఏ ఒకటియో రెండో. ఒక్క రూపముతో వెదకి, గ్రంథము అలభ్యమని వ్రాసినవారిని మేమెఱుగుదుము. అలభ్యమైనది గ్రంథము కాదు, వెదకు నేర్పు.

ఇక సామ్యశాతము మాట. 2018 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారము పదిశాతమువఱకు సామ్యమునకు దండనము లేదు. దీని ఫలితముగా విద్యార్థులు మూలమును చదువుట కంటె ముందు, శాతము తగ్గుటకై పర్యాయపదములు మార్చుట నేర్చుచున్నారు. యంత్రము పోలికను లెక్కించును గాని, వ్రాసినవాడు మూలమును చూచెనో లేదో చెప్పజాలదు. తా నెన్నడును తెఱవని గ్రంథమును ఇతరుల పాదసూచికనుండి యెత్తి తన యాధారముగా చూపినవానికి సామ్యము సున్న! మా దృష్టిలో ఇది వాక్యచౌర్యము కంటె తక్కువ దోషము కాదు.

ఆ 30 గంటలలో సగమైనను భాండాగారముననే గడపవలెనని మా సూచన. శోధగంగలో నున్న ఒక తెలుగు సిద్ధాంతవ్యాసమునుండి పది యుదాహరణములను విద్యార్థికిచ్చి, ఒక్కొక్కదానిని దాని తొలిముద్రణమువఱకు వెంబడింపుమని చెప్పవలెను. ఎన్ని పాఠములు సరిపోయినవి, ఎన్ని మాఱినవి, ఎన్నింటికి మూలము చిక్కలేదు అనునది అతడే వ్రాసి చూపవలెను. బోధించువారికే ఈ యలవాటు లేదని కొందఱనవచ్చును. నిజమే; మాలో పలువురము విద్యార్థులతో కూర్చుండి నేర్చుకొనవలసినవారమే. దీనికి వేఱు నిధులు అక్కఱలేదు. గ్రంథపాలకుడు మాతో కూడ ఉండుటయు, భాండాగారపు తలుపులు సాయంకాలము అయిదు గంటలకే మూతపడకుండుటయు మాత్రము కావలెను.