కాలక్షేపం నవలలూ ఒక పాఠకుడి తీర్పూ

పన్నెండు పేజీల ఉత్తరం ఒకటి నా ముందుంది. గీతల నోటుబుక్కు కాగితాలు, రెండువైపులా రాసినవి. రాసినవాడు ఒకప్పటి నా విద్యార్థి. పదో తరగతితో అతని చదువు ఆగిపోయింది. ఇప్పుడు ఒక పత్తి జిన్నింగు మిల్లులో కాటా గుమాస్తాగా ఉన్నాడు. ఆ మధ్య ఒక సభలో నేను డిటెక్టివ్ నవలల్నీ మంత్రాల మాయల నవలల్నీ కలిపి 'కాలక్షేపం సరుకు' అన్నాను. అతను వెనక వరసలో కూర్చుని విన్నాడట. "సార్, మీరు చదవకుండా మాట్లాడారు" అని ఉత్తరం మొదలుపెట్టాడు.

ఆ మాట నిజం కాదు. చదివే మాట్లాడాను. చదివినట్టు మాత్రం ఒప్పుకోలేదు. అది ఇంకా పెద్ద తప్పు.

మన విమర్శకు ఈ పుస్తకాలతో ఉన్న సంబంధం చాలాకాలంగా ఇలాగే ఉంది. 1980ల మొదట్లో చేతబడి నవలలు వారపత్రికల్ని ఊపేసినప్పుడు 'క్షుద్ర సాహిత్యం' అనే మాట బాగా వాడుకలోకి వచ్చింది. అవసరమైన మాటే. అయితే రానురాను అదొక గోనెసంచి అయిపోయింది. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌నీ, మధుబాబు షాడోనీ, చందమామలోని మాంత్రికుల్నీ అందరినీ అందులోనే కుక్కాం. మూతి కట్టేశాక లోపల ఏముందో విడదీసి చూడాల్సిన పని ఉండదు కదా!

అతను విడదీసి చూశాడు. అందుకే ఈ వ్యాసం.

ముందు నా సంగతి. అతను తొమ్మిదో తరగతిలో ఉండగా లెక్కల పుస్తకం మధ్య షాడో నవల పెట్టుకుని చదువుతుంటే లాక్కున్నాను. బదులుగా మంచి కథల సంపుటి ఒకటి ఇచ్చాను. పది రోజుల తర్వాత "చదివాను సార్, బాగుంది" అని తిరిగిచ్చాడు. ఆ కుర్రాణ్ణి నేను మార్చానని ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో రెండు మూడుసార్లు ఉదాహరణగా చెప్పాను కూడా. ఇప్పుడు రాస్తున్నాడు: ఆ సంపుటి అతను తెరవనేలేదు. షాడో పుస్తకం పోయినందుకు అద్దెషాపువాడికి ఇరవై రూపాయలు కట్టాడు. ఆ ఇరవై రూపాయలకోసం రెండు ఆదివారాలు పత్తి ఏరడానికి వెళ్లాడు. నేను లాక్కున్న పుస్తకం మాత్రం ఆ రాత్రే నేను పూర్తిచేశాను. చివరి నాలుగు పేజీలు లేవు. అద్దె పుస్తకాల్లో అది మామూలే.

అతని మొదటి తీర్పు యుగంధర్ మీద. యుగంధర్ ఆలోచిస్తాడు, షాడో చంపుతాడు. అందుకని యుగంధరే మేలు అంటాడు. ఇంత క్లుప్తంగా మనలో ఎవరూ చెప్పలేదు. మద్రాసులో ఆఫీసు, అసిస్టెంటు రాజు, కాత్యాయని, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు - కొమ్మూరి కట్టిన ఈ చిన్న లోకంలో ఒక క్రమశిక్షణ ఉంది. దెయ్యం చంపిందని అందరూ నమ్మినచోట మనిషి చంపాడని నిరూపించాలి. ఆధారం లేకుండా నేరం మోపకూడదు. పొడి పొడి మాటలు, చిన్న వాక్యాలు. బడి మానేసిన పిల్లవాడు కూడా కూడబలుక్కుని చదవగల తెలుగు అది. కొడవటిగంటి కుటుంబరావుకి కొమ్మూరి స్వయానా బావమరిది. కొ.కు. హేతువాదం గురించి మనం ఎన్నో వ్యాసాలు రాశాం. బావమరిది హేతువాదాన్ని అద్దెషాపుల దాకా తీసుకెళ్లాడని గమనించినవాళ్లు తక్కువ.

షాడో దగ్గర ఈ క్రమశిక్షణ లేదు. ప్రభుత్వం పంపిన మనిషి కాబట్టి అతను చేసేదంతా న్యాయం. విచారణ లేదు, సాక్ష్యం లేదు. పాఠకుడికి శత్రువు ఎవరో ముందే తెలుసు. ఎలా చస్తాడన్నదొక్కటే ఉత్కంఠ. విచారణ లేకుండా చంపడమే వీరత్వం అని వంద పుస్తకాల్లో చదివిన కుర్రాడు, తెల్లారి పేపర్లో 'ఎదురుకాల్పుల్లో మృతి' అన్న వార్త చదివితే ఏమనుకుంటాడు? ఈ ప్రశ్న అతనికి ఎదురవుతుందని ముందే తెలిసినట్టుంది. "నేనది నమ్మలేదు సార్. పేజీ తిప్పడానికి చదివాను" అని రాశాడు. అతను నమ్మకపోవచ్చు. నమ్మినవాళ్లు ఉత్తరాలు రాయరు. ఇక్కడ నేను అతనితో ఏకీభవించలేను. ఏదో ఒకటి చదివితే చాలు, అలవాటవుతుంది అనే వాదం పంతుళ్లలో కూడా ఉంది. దేనికి అలవాటవుతుంది అని అడగకుండా ఆ వాదాన్ని ఒప్పుకోవడం కష్టం.

అతని రెండో మాట నన్ను చాలాసేపు పట్టుకుంది. "సార్, ఈ నవలల్లో ఎవరూ పని చెయ్యరు. హత్య ఎప్పుడూ బంగళాలోనే జరుగుతుంది. చచ్చేది లక్షాధికారి. వంటవాణ్ణి అనుమానిస్తారు. ఆ లక్షలు ఎలా వచ్చాయో ఎవరూ అడగరు."

ఇదే సంగతిని బెల్జియం మార్క్సిస్టు ఆర్థికవేత్త ఎర్నెస్ట్ మాండెల్ 1984లో ఒక పుస్తకంగా రాశాడు. నేర కథకు సాంఘిక చరిత్ర రాసిన ఆ మనిషి, తనకు ఈ నవలలు చదవడం ఇష్టమని ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. (మనలో ఆ ధైర్యం ఇంకా రాలేదు.) ఒకప్పుడు జనం ధనికుల్ని దోచి పేదలకు పెట్టిన గజదొంగ కథలు చెప్పుకున్నారు, ఆస్తి స్థిరపడ్డాక ఆ దొంగే దుర్మార్గుడయ్యాడు, అతన్ని పట్టుకునేవాడు నాయకుడయ్యాడు అన్నది మాండెల్ వాదనలో ముఖ్యమైన పాయ. మనకు దీన్ని యూరపు నుంచి తెచ్చుకోనక్కర్లేదు. పాలమూరులో పండుగ సాయన్న కథ పాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సాయన్నను పాట నిలబెట్టింది. యుగంధర్ కాపాడేది సాయన్న దోచిన ఇంటిని.

మా కాటా గుమాస్తా మాండెల్‌ని చదవలేదు. అతను చూసింది మిల్లు. అతని మిల్లులో ఆమధ్య ఒక కూలీ చెయ్యి బెల్టులో పడి, మనిషి ఆస్పత్రికి చేరకుండానే పోయాడు. తిరిగే యంత్ర భాగాలకు కంచె వెయ్యాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. ఆ బెల్టుకు కంచె లేదు. ప్రమాదమని కాగితం రాశారు. ఆ కాగితం మీద సాక్షిగా ఇతని సంతకం ఉంది. "యుగంధర్ మా మిల్లుకి రాడు సార్. వచ్చినా ఎవరు పిలిచి ఫీజిస్తారు? హంతకుడెవరో కనిపెట్టడానికి అక్కడ తెలివి అక్కర్లేదు. అందుకే అది నవల కాదేమో." ఆ సంతకం గురించి ఇంకేమీ రాయలేదు. మరుసటి పేజీ వాళ్లమ్మాయి చదివే పుస్తకాలతో మొదలవుతుంది.

ఆ అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు మీడియం. నాన్సీ డ్రూ చదువుతుంది, హారీ పోటర్ చదువుతుంది. కారు నడుపుకుంటూ తిరిగి చిక్కుముళ్లు విప్పే నాన్సీ 1930లో పుట్టింది. రచయిత్రి కరొలిన్ కీన్ అనే మనిషి లేదు. అది ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. కథాంశం కంపెనీ ఇస్తుంది. మొదటి పుస్తకాలు రాసిన మిల్డ్రెడ్ బెన్సన్‌కి పుస్తకానికి 125 డాలర్లు, అంతటితో సరి, రాయల్టీ లేదు. మన చందమామలో సంగతి తలకిందులు. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి పాతికేళ్లపాటు డజను సీరియళ్లు రాశాడు. పత్రికలో ఆయన పేరు ఉండేది కాదు. అక్కడ పేరుంది, మనిషి లేడు. ఇక్కడ మనిషున్నాడు, పేరు లేదు. రెండుచోట్లా నష్టపోయింది రాసినవాళ్లే.

దాసరి సీరియళ్ల గురించి మా పాఠకుడి అభిప్రాయం ముచ్చటగా ఉంది: "ఎన్ని గండాలొచ్చినా వాళ్లకి ఆకలి వెయ్యదు సార్." సమరసేనుడు కుండలినీ ద్వీపం దాటి వెళ్లి చతుర్నేత్రుడికీ ఏకాక్షికీ మధ్య చిక్కుకుంటాడు, పడవల్లో తెడ్డు వేసినవాళ్ల ముచ్చట మనకు పట్టదు. నిజమే. అయితే 'ముగ్గురు మాంత్రికులు' పింగళుడు చేపలు పట్టి బతికేవాడని, 'శిథిలాలయం' శిఖిముఖి శబరపల్లె కుర్రాడని అతను మరిచిపోయాడు. రాజకుమారుడు కానివాడు కూడా కథ నడపగలడని పిల్లలకు చూపించినందుకు దాసరికి మనం బాకీ ఉన్నాం. పైగా ఆ మాంత్రికుల చేతిలో ఉన్నదంతా ధనరాశుల కోసం కొట్లాటే. దాన్ని దైవలీల అని ఎవరూ కప్పిపుచ్చరు.

హారీ పోటర్ సంగతి వేరు. మెట్లకింది అరలో పడుకునే అనాథ పిల్లవాడు ఏ ఊరి పిల్లనైనా లాక్కుంటాడు. కాని ఆ మంత్రాల బడిలో వంట వండేదెవరు? జీతం లేని, సెలవు లేని దాసులైన ఎల్ఫులు. 2000లో వచ్చిన నాలుగో పుస్తకంలో హెర్మయినీ అనే అమ్మాయి వాళ్లకోసం సంఘం పెడుతుంది. తోటిపిల్లలు నవ్వుతారు. ఎల్ఫులే మాకు స్వేచ్ఛ వద్దంటారు. 2007లో వచ్చిన చివరి పుస్తకంలో యుద్ధం గెలిచాక హారీకి కలిగే ఆలోచనల్లో ఒకటి, తన ఎల్ఫు తనకు తినడానికి ఏమైనా తెచ్చిపెడతాడా అని. గొలుసు అలాగే ఉంది. ఎనిమిదో తరగతి అమ్మాయి తండ్రిని అడిగిందట: "ఆ అమ్మాయి చెప్పింది రైటే కదా నాన్నా, అందరూ ఎందుకు నవ్వుతారు?" ఆ ప్రశ్నకు అతను నా జవాబు కోరాడు. నా దగ్గరున్న జవాబు ఒకటే: రచయిత్రి కూడా కొంచెం నవ్వింది కాబట్టి. బానిసకు స్వేచ్ఛ యజమాని ఇచ్చే మేజోడుతో వస్తుందనే కథలో, సంఘం పెట్టడం హాస్యం కాక మరేమవుతుంది?

ఆ పిల్ల ఆ ప్రశ్న ఎక్కడ నేర్చుకుంది? మన పుస్తకాల్లో కాదు. మన పుస్తకాలు ఆమెకు ఇవ్వలేదు. చందమామ ఆగిపోయి దశాబ్దం దాటింది. పన్నెండేళ్లకు చందమామ కథలు అయిపోతాయి. శ్రీశ్రీ, రావిశాస్త్రి చేతికి రావడానికి పద్దెనిమిదేళ్లన్నా రావాలి. ఆ మధ్య ఆరేళ్లు మనం ఎవరికి వదిలేశాం? ఒకప్పుడు అద్దెషాపుకి, ఇప్పుడు సెల్‌ఫోనుకి. రహస్యం, భయం, ఉత్కంఠ అనేవి అవతలివాళ్ల ఆస్తి అన్నట్టు మన రచయితలు వాటిని ముట్టుకోవడం మానేశారు. ఉత్కంఠ లేకపోవడం నిబద్ధతకు గుర్తు అనే భ్రమ కూడా మనలో ఉంది. మన కథల్లో మొదటి పేరాలోనే భూస్వామి ఎవరో తెలిసిపోతుంది. షాడోలో శత్రువు ముందే తెలిసిపోతాడని పైన నేనే తప్పుపట్టాను.

ఉత్తరం చివర ఒక కోరిక ఉంది. "మా అమ్మాయికి ఇవ్వడానికి తెలుగులో ఒక పుస్తకం పేరు చెప్పండి సార్. అందులో పని చేసుకునే మనుషులుండాలి. తర్వాతేం జరుగుతుందో తెలియక రాత్రి దీపం ఆర్పకుండా చదవాలి. రెండూ ఉండాలి. ఈసారి చదివానని అబద్ధం చెప్పను."

జవాబు మొదలుపెట్టి రెండు వారాలైంది. ఎల్ఫుల గురించి రాశాను, షాడో గురించి రాశాను, ఇరవై రూపాయల గురించి క్షమాపణ రాశాను. పుస్తకం పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలి కిందికి వెళ్లాను. ఇది చదివే రచయితల్లో ఎవరికైనా ఆ పేరు తెలిస్తే పత్రిక చిరునామాకి ఒక కార్డు రాయండి. ఆ పుస్తకం ఇంకా ఎవరూ రాయలేదనుకుంటే అదైనా రాయండి.