చివరి పాఠానికి నెట్టని కుటుంబాలు

కుటుంబం గురించి చెప్పే మన పాఠ్యపుస్తకాలు చాలాకాలంగా ఒకే వరసలో నడుస్తున్నాయి. ముందు ఉమ్మడి కుటుంబం, తర్వాత చిన్న కుటుంబం, వాటి లాభనష్టాలు, వివాహాల్లో రకాలు. ఆఖర్లో ‘మారుతున్న కుటుంబాలు’ అని ఒక అధ్యాయం. ఒంటరి తల్లులు, విడిపోయినవాళ్లు, పిల్లల్ని పెంచుకుంటున్న స్వలింగ జంటలు అందరూ అందులోనే సర్దుకోవాలి. సిలబస్ పూర్తయ్యేలోగా పరీక్షలొచ్చేస్తాయి కాబట్టి చాలా తరగతుల్లో ఆ అధ్యాయం చెప్పనే చెప్పరు. నా శిష్యురాలు రాసిన ఈ పాఠాల పుస్తకంలో అలాంటి ఆఖరి అధ్యాయం లేదు. ఇద్దరు తల్లులున్న ఇల్లు, ట్రాన్స్ తల్లి పెంచిన బిడ్డ మొదటి పాఠం నుంచే మిగతా ఇళ్ల పక్కన కనిపిస్తారు. ఈ పుస్తకం నాకు నచ్చడానికి మొదటి కారణం అదే.

అలా రాయగలగడానికి దారి వేసింది స్త్రీవాదం. కుటుంబం అంటే రక్తసంబంధం, ఆప్యాయత అని ఆగిపోకుండా, ఆ ఇంట్లో పని ఎవరు చేస్తున్నారు, ఎవరి సంతకం చెల్లుతోంది అని అడగడం స్త్రీవాదులే మొదలుపెట్టారు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి అనీ, ఆయన తర్వాతే తల్లి అనీ రాసుకుంది. తండ్రి బతికుండగానే తల్లి కూడా సంరక్షకురాలు కావచ్చని సుప్రీంకోర్టు చేత చెప్పించడానికి 1999లో గీతా హరిహరన్ కేసు దాకా ఆగాల్సి వచ్చింది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్లే నూటికి 26 మంది. ఈ అంకెలు తెలిశాక ‘అమ్మానాన్నా ఉంటేనే ఇల్లు’ అనే మాటను తడుముకోకుండా అనడం కష్టం.

మూడో పాఠంలో ఒక అభ్యాసం ఉంది. దాన్ని ఆమె తరగతిలో చేయిస్తున్నప్పుడు వెనక బెంచీలో కూర్చుని చూశాను. తెలిసిన ఇంట్లో ఒక చిన్న పిల్లకో పిల్లాడికో ఒక్కరోజులో ఎవరేం చేశారో విద్యార్థులు రాసుకొస్తారు. నిద్ర లేపింది ఎవరు, జడ వేసింది ఎవరు, టిఫిన్ డబ్బా కట్టింది ఎవరు, స్కూలు డైరీలో సంతకం పెట్టింది ఎవరు, రాత్రి జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది ఎవరు. తరవాత అమ్మ, నాన్న, నాయనమ్మ అన్న మాటలన్నీ కొట్టేయమంటుంది. కాగితం మీద పనులే మిగులుతాయి. జగిత్యాల నుంచి వచ్చిన ఒక అబ్బాయి లేచి, “మేడమ్, మా నాన్న దుబాయిల ఉంటడు. ఇండ్ల ఈ పనులన్నీ మా అమ్మ, మా చిన్నమ్మ కలిసి చేస్తరు. గట్లయితే మాది ఇద్దరమ్మల ఇల్లే గద?” అన్నాడు. తరగతి నవ్వలేదు. ఇంకో అమ్మాయి మాత్రం అది వేరు, ఇది వేరు అని గట్టిగా వాదించింది. టీచరు ఆమెను కసరలేదు, తేడా ఏమిటో రాసి చూపించమంది. పిల్లలు ఆ గంటంతా ఆ తేడా మీదే మాట్లాడుకున్నారు.

పరిశోధనల విషయంలోనూ రచయిత్రి తేలిక దారి పట్టలేదు. స్వలింగ తల్లిదండ్రుల పిల్లలు ఎదుగుదలలో ఇతర పిల్లలకు ఏమీ తీసిపోరని 1992లో షార్లెట్ ప్యాటర్సన్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ చూసి చెప్పారు. చాలామంది అక్కడే ఆగుతారు. జూడిత్ స్టేసీ, టిమతీ బిబ్లార్జ్ 2001లో వేసిన ప్రశ్నను కూడా ఈమె విద్యార్థుల ముందుంచింది. ‘తేడా లేదు’ అని నిరూపించుకోవాలన్న తొందరలో స్త్రీపురుషుల జంటనే కొలబద్దగా ఒప్పుకుంటున్నామా అని వాళ్లడిగారు. ఆడపిల్ల ఇలా, మగపిల్లాడు అలా ఉండాలన్న కట్టుబాటు ఈ ఇళ్లలో కొంత సడలి ఉండవచ్చని, అది దాచాల్సిన విషయం కాదని వాళ్ల వాదన. ఆ అధ్యయనాలన్నీ అమెరికా, ఐరోపా సమాజాలవి. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు.

హైదరాబాద్ పాఠం నన్ను కదిలించింది. ఇక్కడి హిజ్రాల ఇళ్లలో గురువు, చేలాల బంధంతో పాటు తల్లీకూతుళ్ల వరసలూ ఉన్నాయని గాయత్రీ రెడ్డి 2005లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశారు. అదే ఊళ్లో నిజాం కాలం నాటి 1919 చట్టం ఒకటి, హిజ్రాలు పదహారేళ్లలోపు మగపిల్లవాణ్ణి తమ ఇంట్లో ఉంచుకోవడమే నేరమంది. పెంపకమే నేరం! వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. అంటే నూరేళ్లకు పైగా అది పుస్తకాల్లో ఉంది. మన ఊరి చరిత్రలోని ఈ ముక్క కుటుంబం మీద పట్టా పుచ్చుకున్నవాళ్లలో ఎంతమందికి తెలుసు?

అదే ఏడాది అక్టోబరులో సుప్రియో కేసులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వలేదు. పెళ్లికాని జంటలు కలిసి దత్తత తీసుకోవడాన్నీ 3-2 మెజారిటీతో కాదంది. ఒంటరి స్త్రీ బిడ్డను దత్తత తీసుకోవచ్చు. ఆమెతో కలిసి ఆ బిడ్డను పెంచుతున్న రెండో తల్లికి మాత్రం కాగితం మీద ఏ వరసా లేదు. ఆసుపత్రిలో ఆపరేషన్‌కు సంతకం కావాలంటే ఎవరు పెట్టాలి? మొదటామె చనిపోతే బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి? చట్టం చదివే పిల్లలకు ఈ ప్రశ్నలు చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

ఒక్క విషయంలో పుస్తకం ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్లలు మన తరగతిలోనే ఉండవచ్చు. పాఠం బాగా రక్తి కట్టాలని ‘మీలో ఎవరైనా ఉన్నారా’ అని అడగకూడదు. ఆ బిడ్డ తనంతట తాను చెప్పుకుంటే వినాలి, చెప్పకపోతే ఆ మౌనాన్ని గౌరవించాలి. కొత్త ముద్రణలో దీన్ని మొదటి పేజీలోనే పెట్టమని ఆమెకు చెప్పాను, ఒప్పుకుంది.

బీఎడ్, గృహవిజ్ఞానం, సోషల్ వర్క్ చెప్పే అధ్యాపకులు ఈ పుస్తకాన్ని వేసవి సెలవుల్లో ఒకసారి చదివి, జూన్‌లో ఆ మూడో పాఠంతోనే తరగతి మొదలుపెట్టాలని నా కోరిక.