తాళంచెవి చేతికొచ్చాకే

ఈసారి క్రోమ్‌లో లింకు నొక్కినప్పుడు, పైన ట్యాబ్‌లో తిరిగే చిన్న గుండ్రటి గీతను గమనించండి. మొదట బూడిద రంగులో అపసవ్యంగా తిరుగుతుంది. అవతలి సర్వర్ నుంచి జవాబు అందాక నీలం రంగుకు మారి సవ్యంగా తిరుగుతుంది.

ఆ మలుపు విలువ నాకు ఆలస్యంగా తెలిసొచ్చింది. ఓ ఆఫీసు కౌంటర్ కోసం చిన్న బ్రౌజర్ యాప్ రాశాను. చురుగ్గా కనబడాలని, లింకు నొక్కగానే పాత పేజీని చెరిపేసేలా పెట్టాను. మర్నాడే ఫోను: "సార్, రసీదు నొక్కితే తెరంతా తెల్లగా అయిపోతోందండీ!" తెల్లబోవడం నా వంతయింది. రసీదు పీడీఎఫ్. డౌన్‌లోడ్ అవుతుందే తప్ప పేజీగా తెరుచుకోదు. ఉన్నది చెరిపేశాను, కొత్తది రానే లేదు.

కొత్తింటి తాళంచెవి చేతికి రాకుండా పాతిల్లు ఎవరు ఖాళీ చేస్తారు? తాళంచెవి అందే ఆ క్షణాన్ని బ్రౌజర్లు కట్టేవాళ్లు 'కమిట్' అంటారు. జవాబులోని హెడర్లు చూసి, వచ్చేది పేజీయా, డౌన్‌లోడా అని తేల్చుకునేదాకా పాత పేజీ కదలదు.

క్రోమ్ లోపల పాత పేజీ నుంచి కొత్త పేజీకి సాగే ఈ ప్రయాణాన్ని చాలాకాలం పేజీని గీసే రెండరర్ ప్రాసెసే మొదలుపెట్టేది. అడ్రస్ బార్‌లో మనం టైప్ చేసినా, బ్రౌజర్ ఆ సంగతి రెండరర్‌కి చెప్పేది. రెండరర్ మళ్లీ బ్రౌజర్ చేతే సర్వర్‌ని అడిగించేది! దారిలో రీడైరెక్ట్ తగిలి వేరే సైటుకు వెళ్లాల్సొస్తే, సగం ప్రయాణంలో ప్రాసెస్ మార్చే తంటా. 'ప్లీజ్‌నావిగేట్' అనే ముద్దుపేరుతో ఈ పెత్తనాన్ని బ్రౌజర్ ప్రాసెస్‌కి మార్చారు. 2017లో అది జనం చేతికొచ్చింది. ఇప్పుడు జవాబు వచ్చాకే, ఏ పేజీని ఏ ప్రాసెస్‌లో ఉంచాలో బ్రౌజర్ తేలుస్తుంది. 2018 మొదట్లో ప్రాసెసర్ చిప్పుల్లోని స్పెక్టర్ లోపం బయటపడింది. ఒక సైటు డేటా మరో సైటు కంటపడకుండా, వేటి ప్రాసెస్ వాటికి కేటాయించే సైట్ ఐసోలేషన్‌ను ఆ ఏడాదే క్రోమ్ 67లో కంప్యూటర్లకు తెచ్చారు. దానికి ఈ మార్పు కలిసొచ్చింది.

నా యాప్‌లో నేను చేసిందల్లా చెరిపే లైనును లింకు నొక్కే చోటు నుంచి తీసి, జవాబు అందే చోటికి దించడమే. రసీదులు సరిగ్గా వచ్చాయి. వారానికి మళ్లీ ఫోను: "బాగుంది సార్, కానీ కాస్త నెమ్మదించినట్టుందండీ."

పట్టే సమయం మారలేదు. మొన్నటిదాకా ఖాళీ తెరను చూస్తూ ఎదురుచూసేవారు. ఇప్పుడు పాత పేజీని చూస్తూ ఎదురుచూస్తున్నారు.