గుత్తి సాలీడుకు పేరు పెట్టిన పనితనం

లేపాక్షి చూసి హిందూపురంలో రైలెక్కితే పెనుకొండ, ధర్మవరం మీదుగా గుత్తి చేరొచ్చు. అక్కడి రైల్వే కలప డిపోలో దొరికిన నీలిరంగు సాలీడును 1899లో జంతుశాస్త్రవేత్త పోకాక్ కొత్త జాతిగా వర్ణించాడు: పీసిలోథీరియా మెటాలికా.

కొత్త జాతిని వర్ణించే ఈ పనంటే నాకెంతో గౌరవం. రంగు చూసి మురిసిపోతే చాలదు. కాళ్ల అడుగున ఉన్న పట్టీలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో చూడాలి, దగ్గరి జాతులతో పోల్చాలి, తేడాను తప్పుకు తావులేని మాటల్లో పెట్టాలి. కొండవాగుల దగ్గర ఎగిరే క్యాడిస్ పురుగుల జాతులను వర్ణించాలంటే మగదాని పొట్ట చివరి భాగాలను సూక్ష్మదర్శిని కింద గీయాలి. ఎంత ఓపిక!

ఆ వర్ణన ఉండబట్టే, నూరేళ్లు దాటాక 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించిన సాలీడును పోల్చుకోగలిగారు. అది పాత చెట్ల తొర్రల్లో బతుకుతుంది. ఆ చెట్లను వంటచెరకుకు నరకనీయకండి.