ఒక యంత్రంలో పాస్, మరో యంత్రంలో ఫెయిల్

2019లో హవాయి విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర పరిశోధకులకు ఒక చిక్కు ఎదురైంది. వాళ్ల రంగంలో ఎందరో వాడుతున్న పైథాన్ స్క్రిప్టు విండోస్ 10లోనూ మ్యాక్ మావెరిక్స్‌లోనూ 173.2 అని లెక్క తేల్చింది. అవే ఫైళ్లిస్తే ఉబుంటు 16లో 172.4 వచ్చింది, మ్యాక్ మొహావేలో 172.7.

తప్పు రసాయన శాస్త్రంలో లేదు. స్క్రిప్టు ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా అడుగుతుంది. ఆ జాబితా ఏ వరసలో వస్తుందో పైథాన్ హామీ ఇవ్వదు. కొన్ని సిస్టమ్‌లు అక్షర క్రమంలో ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. వరస మారగానే ఒక ఫైలులోని అంకె జత కాని అంకెతో కలిసిపోయింది. జాబితాను సార్ట్ చేయగానే సమస్య తీరింది.

ఇలాంటివి ముందే పట్టడానికి రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ ప్రాజెక్టు వాళ్లు డిసార్డర్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ తయారు చేశారు. ఫోల్డర్ వరసను కావాలనే తారుమారు చేయడం దాని పని. టైమ్ జోన్, భాషా సెట్టింగులు కూడా మార్చి, ఒకే ప్యాకేజీని రెండుసార్లు బిల్డ్ చేసి పోల్చి చూస్తారు. నాలుగు రకాల కంప్యూటర్లు కొనలేని చిన్న బృందాలకు ఇది పనికొచ్చే పద్ధతి.

చాలా ఆఫీసుల్లో జరిగేది వేరు. లైనక్స్‌లో ఫెయిలైన టెస్టును లైనక్స్‌లో స్కిప్ చేసేస్తారు, లేదా పాసయ్యేదాకా మళ్లీ మళ్లీ నడుపుతారు. అది రోగాన్ని వదిలేసి థర్మామీటరును దాచేయడమే. ముందు తేల్చుకోవాల్సింది తప్పు ఎక్కడుందో: టెస్టు ఆశించిన జవాబులోనా, అసలు ప్రోగ్రాములోనా? విండోస్‌లో పంక్తి చివర రెండు గుర్తులు, లైనక్స్‌లో ఒకటి; దానివల్ల పోలిక తప్పితే సాధారణంగా టెస్టును, గిట్ సెట్టింగును సరిచేస్తే చాలు.

సీ భాషలోని ‘చార్’ సంగతి అలా కాదు. అది రుణ సంఖ్యలను పట్టగలదా లేదా అన్నది ప్రమాణం కంపైలర్‌కే వదిలేసింది. ఇంటెల్ మీద సాధారణంగా పట్టగలదు, ఏఆర్ఎం లైనక్స్‌లో పట్టదు. ఫైలు అయిపోయిందని చెప్పే −1ని చార్‌లో పెట్టి చూసే లూపు ఏఆర్ఎంలో ఎప్పటికీ ఆగదు. ఇంటెల్‌లో ఆగుతుంది గానీ, ఫైలు మధ్యలో 255 విలువ గల బైటు తగిలితే అక్కడే ఆగిపోతుంది! అంటే ఏఆర్ఎంలో ఫెయిలైన టెస్టు ఇంటెల్‌లోని బగ్‌ను కూడా బయటపెట్టింది. చార్ బదులు ‘ఇంట్’ వాడితే రెండూ పోతాయి.

దశాంశాల్లో చివరి అంకెలు యంత్రాన్ని బట్టి కాస్త మారవచ్చు, కాబట్టి టెస్టులో కొంత తేడాను అనుమతించడం న్యాయమే. ఎంత అన్నదే ముఖ్యం. హవాయి లెక్కకు ఒకటి దాకా అనుమతించి ఉంటే 172.4 కూడా పాసయ్యేది.

తెలుగు పేర్లతోనూ జాగ్రత్త అవసరం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వం, దాని కింద వచ్చే గుర్తు అని రెండుగా రాయవచ్చు. ‘హైదరాబాద్’ ఒక పద్ధతిలో 9 సంకేతాలు, రెండో పద్ధతిలో 10. చూడటానికి తేడా ఉండదు. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైలు పేరును విడగొట్టి దాచేది. లైనక్స్ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచుతుంది. అక్కడ ఆ రెండు పేర్లతో రెండు వేర్వేరు ఫైళ్లు కూడా ఉండగలవు. పోల్చే ముందు రెండు పేర్లనూ ఒకే సంకేతంగా కలిపి రాసే ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మార్చాలి. టెస్టు డేటాలో ఐత్వమున్న పేరు ఒకటైనా రెండు రూపాల్లోనూ ఉండాలి.