తేలింది సరే, తేల్చిందెవరు?

తెలుగు ఆడవాళ్లు ఎక్కువగా చదివే వచనం ఏది అని అడిగితే, సాహిత్యం చదువుకున్న మనం కథ అనో నవల అనో చెబుతాం. నాకు మాత్రం స్త్రీల పేజీల్లో ఆహారం గురించీ, విటమిన్ల గురించీ వచ్చే చిన్న వ్యాసానిదే ఆ స్థానం అనిపిస్తుంది. కథ నచ్చకపోతే పక్కన పెట్టేస్తాం. ఈ వ్యాసం చెప్పినదాన్ని మర్నాడు పొద్దున్నే పొయ్యి మీదికి ఎక్కిస్తాం. పిల్లలకి తినిపిస్తాం, మనమూ మింగుతాం. ఇంత నేరుగా శరీరంలోకి వెళ్లే వచనాన్ని మన విమర్శ పెద్దగా పట్టించుకోలేదు. సాహిత్యం కాదు గదా అని వదిలేశాం. ఆడవాళ్ల ఉత్తరాలనీ, డైరీలనీ ఒకప్పుడు ఇలాగే వదిలేశారన్న సంగతి మనకి తెలియనిది కాదు.

రెండేళ్లుగా ఇలాంటి వ్యాసాలను కత్తిరించి ఒక ఫైల్లో పెడుతున్నాను. నేను డాక్టరుని కాను. వాక్యాన్ని చదవడం నేర్చుకున్న మనిషిని, అంతే. అలా చదివితే మూడు మాటలు పదే పదే కనిపించాయి: 'నిపుణులు అంటున్నారు', 'తాజా పరిశోధనలో తేలింది', 'ఎంతో మేలు చేస్తుంది'. 'తేలింది' అన్న క్రియని కాస్త చూడండి. నీళ్లలో బెండు తేలినట్టు నిజం దానంతటదే పైకి వచ్చిందన్నమాట. తేల్చినవాళ్లు ఎవరు, ఎవరి మీద తేల్చారు, ఎప్పుడు, ఎవరి డబ్బుతో అన్నవన్నీ ఆ క్రియ కింద మునిగిపోతాయి. అసత్యం చెప్పకుండానే నమ్మించగల వ్యాకరణం ఇది. పోషకాహారం గురించి రాసే రాతకి ఏ ప్రమాణాలు ఉండాలి అన్న చర్చని నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

మొదటి ప్రశ్న: ఎవరు చెప్పారు? పాలకూర కథ చాలామంది వినే ఉంటారు. పందొమ్మిదో శతాబ్దంలో ఒక జర్మన్ శాస్త్రవేత్త దశాంశ బిందువు తప్పుగా పెట్టడం వల్ల పాలకూరలో ఇనుము పదిరెట్లు ఉన్నట్టు అచ్చయిందనీ, ప్రపంచమంతా ఆ అచ్చుతప్పునే నమ్మిందనీ ఆ కథ. అపోహలు తొలగించే వ్యాసాల్లో అది తప్పకుండా కనిపిస్తుంది. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హాంబ్లిన్ అనే డాక్టరు రాసిన వ్యాసంతో దానికి బాగా ప్రచారం వచ్చింది. 2010లో మైక్ సటన్ అనే పరిశోధకుడు మూలాలు వెతుక్కుంటూ వెళ్తే, ఆ దశాంశ బిందువు తప్పుకి ఆధారమే దొరకలేదు. 2014లో ఓలే బ్యోర్న్ రెక్డాల్ ఇదంతా ముందు పెట్టుకుని, పండితులు మూలం చూడకుండా ఒకరిని చూసి ఒకరు ఎలా ఉటంకిస్తారో వివరించాడు. అంటే అపోహను ఖండించే కథే మరో అపోహ! పిహెచ్‌.డి.లు చేసిన మనకి ఇది పరాయి జబ్బేమీ కాదు. 'ఫలానా వారు చెప్పినట్టు' అని రాసేటప్పుడు ఆ ఫలానా వారి పుస్తకం తెరిచి చూశామా అన్నది పాలకూరకీ, ప్రబంధానికీ ఒకటే ప్రశ్న.

రెండోది: ఎంత? 'పాలకూర తింటే రక్తం పడుతుంది' అన్న వాక్యంలో అబద్ధం లేదు, కొలత లేదు. నూరు గ్రాముల పాలకూరలో ఉండే ఇనుము సుమారు 3 మిల్లీగ్రాములు. అందులోనూ ఒంటికి పట్టేది కొంతే. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో చెప్పిన లెక్క ప్రకారం వయసులో ఉన్న స్త్రీకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మగవాడికి 19. ప్రభుత్వం ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది 60 మిల్లీగ్రాములు. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెడితే చాలు, రక్తహీనత ముదిరిన మనిషికి కూర ఒక్కటే సరిపోదని చదివేవాళ్లు తమకు తామే తేల్చుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా మనమే. ఈ పేజీలు ఇన్నేళ్లుగా ఇనుము గురించి మనతో మాట్లాడుతూనే ఉన్నాయి.

మాట్లాడనిది ఇంకొకటుంది. ఆ మాత్రలు ఇళ్లలో అలమరాల్లో ఉండిపోతాయి. మా పిన్ని మూడు నెలల మాత్రలు తెచ్చుకుని వారానికే మానేసింది. 'వేడి చేస్తోందే, విరోచనం నల్లగా అవుతోంది, భయమేసింది' అంది. నల్లగా కావడం ఇనుము వల్లేననీ, దానికి కంగారు పడక్కర్లేదనీ, కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోవచ్చనీ, టీతోనో పాలతోనో వేసుకుంటే సరిగ్గా ఒంటబట్టదనీ ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ చదివే వారపత్రికలో ఆ వారం 'రక్తాన్ని పెంచే పది ఆహారాలు' వచ్చింది. పదికి పదీ రంగుల బొమ్మలతో. మాత్ర ఊసే లేదు. ఆడవాళ్ల విరోచనం గురించి రాయడం నామోషీ, ఖర్జూరం గురించి రాయడం ముచ్చట. ఏది అచ్చుకి అర్హం అని నిర్ణయించే ఈ మర్యాద ఎవరిది?

మూడోది: ఎవరికి? ఫిన్లాండ్‌లో 29 వేలమందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద ఒక పెద్ద పరీక్ష జరిగింది. 1994లో ఫలితాలు వచ్చాయి. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌ని మాత్రలుగా ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుతుందని ఆశించారు. తగ్గలేదు సరికదా, ఆ మాత్రలు తీసుకున్నవాళ్లలో 18 శాతం ఎక్కువైంది. దీన్నిబట్టి 'క్యారెట్ ప్రమాదం' అని రాస్తే ఎంత తప్పో, దాన్ని తలచుకోకుండా 'బీటా కెరోటిన్ క్యాన్సరుని అడ్డుకుంటుంది' అని రాస్తే అంత తప్పు. పండులో ఉన్నది వేరు, దాన్నుంచి తీసి గోలీలో కుదించినది వేరు, తీసుకునే మనిషి వేరు.

ఫోలిక్ యాసిడ్ సంగతి చూద్దాం. బిడ్డ వెన్నులో, మెదడులో లోపాలని అది చాలావరకు ఆపగలదని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నడిపిన పరీక్ష రుజువు చేసింది. ఆ పరీక్షలో ఉన్నవాళ్లు అంతకుముందు అలాంటి కాన్పు చూసిన స్త్రీలు. వెన్నునాళం నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది, చాలామందికి నెల తప్పిన సంగతి రూఢి అయ్యేసరికే ఆ గడువు దాటిపోతుంది. కాబట్టి 'గర్భిణులు ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలి' అన్న వాక్యం సగం వాక్యమే. 'గర్భం రాకముందు నుంచే' అన్న మాట పడితేగాని అది పూర్తి కాదు.

'ఎవరికి' అన్న ప్రశ్నలో డబ్బు కూడా ఉంది. రోజూ గుడ్డు, పాలు, పండు, గుప్పెడు బాదం అని రాసే చేయి ఏ ఇంటిని ఊహించుకుంటోంది? జాతీయ పోషకాహార సంస్థలో చాలాకాలం పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న, తక్కువ ఖర్చులో కేలరీలు నింపే లెక్కలు పేదల పళ్లాన్ని బియ్యానికి కుదించేశాయనీ, గుడ్లూ పాలూ మాంసం వాళ్లకి దూరమయ్యాయనీ ఎన్నోసార్లు చెప్పారు. శాస్త్రం పేరుతో వచ్చే సలహాలో కూడా ఎవరికి ఎంత చాలు అన్న రాజకీయం ఉంటుందని ఆవిడ మాటల నుంచి నేను నేర్చుకున్నాను. మన స్త్రీల పేజీ అయితే ఎప్పుడూ వండిపెట్టే 'గృహిణి'తోనే మాట్లాడుతుంది. అందరూ తిన్నాక ఆమెకి ఏం మిగిలిందని అడగదు. అందుకే రక్తహీనత ఆమె అశ్రద్ధలా కనిపిస్తుంది.

పూర్తి వాక్యం ఎలా ఉంటుందో చూడాలంటే ఫోలిక్ యాసిడ్ కథలోనే వెనక్కి వెళ్లాలి. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు గర్భంతో ఉండగా తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. ఆవిడ వాళ్లు ఏం తింటున్నారో, ఎలా బతుకుతున్నారో వివరాలు సేకరించింది. చవకగా దొరికే ఈస్టు సారం ఇస్తే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. ఆ సారంలో పనిచేస్తున్నది ఏమిటో ఆవిడకి తెలియదు, తెలిసినట్టు రాయలేదు కూడా. 1945 నాటికి అమెరికాలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ బృందం ఆ పదార్థాన్ని, అంటే ఫోలిక్ యాసిడ్‌ని, కృత్రిమంగా తయారు చేసింది. సుబ్బారావు గురించి తెలుగులో నేను చదివిన గర్వపు వ్యాసాల్లో లూసీ విల్స్ పేరు గాని, ఆ మిల్లు స్త్రీల ఊసు గాని కనపడలేదు. ఆయన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ కర్తని దాచే 'తేలింది' ముందుగా మింగేసేది ఆడవాళ్లనే.

నాలుగోది: ఎవరికి లాభం? 'ఆరోగ్య పానీయం' అన్న మాట మన ఇళ్లలో ఒక తరాన్ని పెంచింది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, అలాంటి పానీయాలను 'ఆరోగ్య పానీయాల' వర్గం నుంచి తీసేయమని ఆన్‌లైన్ అమ్మకందారులకి చెప్పింది. ఆహార భద్రతా చట్టంలో ఆ పేరుతో ఒక వర్గమే లేదు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్, చక్కెర నీళ్లని 'ఓఆర్ఎస్' పేరుతో అమ్మడం మీద ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆ మాటని అలా వాడకూడదని ఆహార ప్రమాణాల సంస్థ ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్రావణంలో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములే. విరేచనాలతో వాడిపోతున్న బిడ్డకి చక్కెర ఎక్కువైతే అవి ఇంకా ముదురుతాయి. మూడక్షరాల పేరు కోసం ఒక స్త్రీ అన్నేళ్లు కొట్లాడింది. మాటల మీద బతికే మనం ఆ పోరాటాన్ని భాషా పోరాటంగా గుర్తించాలి.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సింది ఒకటుంది. వైద్య వ్యవస్థ ఆడవాళ్ల శరీరాలతో ఎలా వ్యవహరించిందో స్త్రీవాదులుగా మనకి బాగా తెలుసు. ఆ అనుమానం న్యాయమైనదే. అయితే అక్కడి నుంచి 'అమ్మమ్మల జ్ఞానం' అన్నదాన్ని ప్రశ్నించకుండా నెత్తిన పెట్టుకోవడం సుళువైపోయింది. దాన్ని సీసాల్లో పోసి మనకే అమ్ముతున్నారు. కూరలో వేసే చిటికెడు పసుపు మీద ఎవరికీ పేచీ లేదు. గాఢంగా తీసిన పసుపు సారం గోలీలు వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు 2019లో ఇటలీలోనూ, ఆ తర్వాత అమెరికాలోనూ నమోదయ్యాయి. సహజం అన్న మాట భద్రతకి హామీ కాదు. 1991లో హైదరాబాదు స్త్రీలు కలిసి తెచ్చిన ఆరోగ్య పుస్తకానికి 'సవాలక్ష సందేహాలు' అని పేరు పెట్టుకున్నారు. సలహాలు కాదు, సందేహాలు. డాక్టరు మీదా, అమ్మమ్మ మీదా, మన మీదా సమానంగా పనిచేసే సందేహం అది.

పాఠకులకి అంకెలు విసుగనీ, పేజీలో చోటు లేదనీ సంపాదకులు అంటారు. పప్పు కిలో ధర దగ్గర్నుంచి చీటీ పాట వడ్డీ దాకా లెక్క కట్టే ఆడవాళ్లకి మిల్లీగ్రాములు అర్థం కావనడం నాకు మింగుడు పడదు. చోటు విషయానికొస్తే పది ఆహారాల బదులు ఒక్కదాని గురించి రాయొచ్చు. నేను కోరేవి పెద్దవేమీ కావు. పరిశోధన అంటే ఏ సంవత్సరం, ఎక్కడ, ఎంతమంది మీద అన్నది ఒక వాక్యంలో చెప్పాలి. గుణం చెప్పినచోట కొలత చెప్పాలి. ఎవరు తీసుకోకూడదో, ఏ మందుతో పడదో రాయాలి. రాసిన 'నిపుణుడి'కి ఆ సరుకుతో సంబంధం ఉంటే ఆ ముక్క పేరు పక్కనే ఉండాలి. తప్పు దొర్లితే, తప్పు అచ్చయిన చోటే, అంతే పెద్ద అక్షరాల్లో దిద్దాలి. ఆ వ్యాసం పక్కనే అదే సరుకు ప్రకటన వేయకూడదు.

కథలో స్త్రీని ఎలా చిత్రించారని మనం ఇన్నేళ్లు అడిగాం, కథలు మారాయి. ఆమె ఏం మింగాలో చెప్పే రాతని కూడా అంత గట్టిగానూ అడగాలి.