పుట్టగొడుగుల పుస్తకాలు: ఒక విమర్శ

పుట్టగొడుగులను గూర్చి కొత్తవారి కొరకు వెలువడు చిన్న పుస్తకాలలో సాధారణంగా రెండు భాగాలుంటవి: పెంచుట, ఏరుకొనుట. వీనిలో రెండవ భాగమే జాగ్రత్తగా చదువదగినది.

వెండి నల్లబడినచో విషమనియు, పురుగు తిన్నది మంచిదనియు, ఉడికించినచో విషము పోవుననియు కొన్ని పుస్తకాలు ఇంకను వ్రాయుచున్నవి. ఈ మూడును తప్పులే. ‘డెత్ క్యాప్’ అను పుట్టగొడుగులోని అమటాక్సిన్లు వెండిని నల్లబరచవు. వంట వేడికి నశించవు. నత్తలు దానిని తినును. మనిషికి మాత్రం వాంతులు, విరేచనాలు సాధారణంగా 6 గంటలు దాటిన పిమ్మటనే మొదలగును. అప్పటికే విషము కాలేయమును చేరియుండును. 2011 డిసెంబరు 31న ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో దీనిని తినదగినదిగా భావించి వండుకొన్నవారిలో ఇద్దరు కొద్దిరోజులకే మరణించిరి.

మనము తినెడి వరిగడ్డి పుట్టగొడుగుకును దీనికిని మొగ్గ దశలో పోలిక ఎక్కువ. రెంటికిని కాడ మొదట సంచి ఉండును. గొడుగు విచ్చిన పిమ్మట కాగితముపై సిద్ధబీజాల ముద్ర తీసినచో మొదటిది గులాబి రంగు, డెత్ క్యాప్ తెలుపు. మొగ్గలో ఆ ఆధారము దొరకదు. ఇట్టి భేదాలను చెప్పక చిట్కాలను చెప్పు పుస్తకము విజ్ఞానము కాదు, వదంతి.

పెంపకంలో జాతి ఏదో విత్తనముతోనే తెలియును. అయినను వరిగడ్డిపై అడవి శిలీంధ్రాలు కూడ మొలవవచ్చునని హెచ్చరించు పుస్తకమే మేలు. ఉపాధ్యాయులు పాఠశాలలో ముత్యపుచిప్ప పుట్టగొడుగును పెంచి చూపవచ్చును. పొలములోని వానిని పరిశీలనకు మాత్రమే తేవలెను, వంటకు కాదు.